కిటికీ చువ్వకు కట్టిన దారం

మన బడి బ్యాచ్ కలయిక సంచికకు రెండు పేజీలు రాయమని కమిటీ వాళ్ళు నాలుగోసారి అడిగారు. ఏం రాయాలని కూర్చుంటే తొమ్మిదీ పదీ అసలు గుర్తుకే రావడం లేదు. నాకు బడి అంటే ఎనిమిదో తరగతిలో ఒక్క మధ్యాహ్నం, మన సైన్స్ సార్, వేపచెట్టు వైపు కిటికీ, అంతే.

దారాలను కాల్చి చూసిన క్లాసు గురించి మాత్రం రాయను. ఎవరి జేబు ఏమైందో మీ అందరికీ తెలుసు.

ఆ రోజు బలం పాఠం, కృత్రిమ దారాల పాఠం రెండూ ఒకేసారి చెప్తానన్నారు సార్. ముందురోజే "ఇంట్ల సాంచాల కాడ కింద పడ్డ పోగులు తీస్కరాండ్రి" అన్నారు కదా (సాంచాలంటే మరమగ్గాలు). సిరిసిల్ల బడిలో ఆ మాట చాలు, తెల్లారేసరికి బల్ల నిండా దారాలే. కాటన్, పాలిస్టర్, ఎవరో వాళ్ళ అవ్వ పట్టుచీర కొంగు నుంచి లాగిన పోగు (ఆ దెబ్బలు ఇంకా గుర్తున్నాయా?), కిరాణా బ్యాచ్ తెచ్చిన తూనిక రాళ్ళు. కిటికీ చువ్వకు జానెడు దారం కట్టి, కింద డబ్బా వేలాడదీసి, 50 గ్రాముల చొప్పున వేసుకుంటూ పోయాం.

కాటన్ 250 దగ్గర తెగింది. పాలిస్టర్ రెండు వేళ్ళంత సాగింది కానీ తెగలేదు, 500 దాటాక గానీ లొంగలేదు. అప్పుడే మూడో బెంచి నుంచి మనవాడు లేచి, "సార్, అది సన్నగుంది, ఇది లావుగుంది, ఎట్ల పోలుస్తం?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. పెన్సిలుకు రెండు దారాలనూ పదేసి చుట్లు చుట్టించి, స్కేలుతో కొలిపించి, సమానంగా ఉన్నవి ఏరించి, మొదటి నుంచీ మళ్ళీ చేయించారు. ఒక పిల్లవాడి అడ్డుప్రశ్న కోసం నలభై నిమిషాల పని పక్కన పెట్టిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

డబ్బా ఊగడం ఆగాక అడిగారు, "రాయిని భూమి కిందికి గుంజుతుంది, మరెందుకు పడ్తలేదు?" దారం పైకి గుంజుతోంది కాబట్టి. దారంలోని ఆ గుంజుడే తన్యత, ఇంగ్లీషులో టెన్షన్. వంద గ్రాముల రాయి అంటే దాదాపు ఒక న్యూటన్ బలం. మన క్లాసులో "టెన్షన్ పడకు" అంటే ఏం జవాబు వచ్చేదో చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. కాటన్ దారం మీద నీళ్ళు ఒలికాయి. పాడైందనుకుని పారేయబోతే, దాన్నే కట్టమన్నారు సార్. 300 మోసింది! రాళ్ళే తప్పనుకుని మూడుసార్లు చేశాం. పత్తి తడిస్తే గట్టిపడుతుందని, కలప గుజ్జుతో చేసే రేయాన్ తడిస్తే దాదాపు సగం బలం పోగొట్టుకుంటుందని, నాకు ఉద్యోగంలో చేరాక గానీ పూర్తిగా అర్థం కాలేదు. రెండూ సెల్యులోజే, అంటే మొక్కల్లోని పీచు పదార్థమే. పత్తిలో అణువుల గొలుసులు పొడవుగా, ఒద్దికగా ఉంటాయి, తడి తగిలితే సర్దుకుని బరువు పంచుకుంటాయి. రేయాన్‌లో అవి పొట్టిగా, వదులుగా ఉంటాయి, నీళ్ళు దూరితే ఒకదాన్నొకటి వదిలేస్తాయి.

ఆ సాయంత్రం మా బాపుకు చెప్పాను. ఇరవై ఏళ్ళు సాంచాలు నడిపిన మనిషి, రోజుకు ఎన్ని పోగులు అతికేవాడో లెక్కలేదు. "వానకాలం కాటన్ పోగు తక్కువ తెగుతది బిడ్డా, మాకు ఎర్కే" అన్నాడు. మర్నాడు ఆ మాట సార్‌కు చెప్తే, బాపును బడికి పిలిపించి కుర్చీ వేసి కూర్చోబెట్టి మనందరి ముందు మళ్ళీ చెప్పించారు. బడిలో మా బాపు కుర్చీలో కూర్చున్నది ఆ ఒక్కసారే.

పదయ్యాక కొందరు మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భీవండి పోయారు, కొందరు ఇక్కడే సాంచాలు పెట్టుకుని ఆసాములయ్యారు. నేను టెక్స్‌టైల్ డిప్లొమా చేసి ఇప్పుడు పుణెలో కారు సీటు బెల్టులు పరీక్షించే ల్యాబ్ చూసుకుంటున్నాను. పట్టీ అంతా పాలిస్టరే. యూరప్ నిబంధన ప్రకారం 14,700 న్యూటన్ల లోపు తెగకూడదు, అంటే ఒకటిన్నర టన్ను వేలాడదీసినట్టు. మిషన్ లాగుతుంది, తెర మీద గీత పైకి పోతుంది. నా కింద ఎనిమిది మంది కుర్ర ఉద్యోగులు పనిచేస్తారు. పట్టీ వెడల్పు, మందం కొలవకుండా ఎవరు మిషన్ దగ్గరికి పోయినా ఆపేస్తాను. మా అమ్మాయి ఈ ఏడు ఎనిమిదో తరగతి, పోయిన ఆదివారం బాల్కనీ చువ్వకు దారం కట్టాం.

సార్ వస్తున్నారని కమిటీ చెప్పింది. తెగిన దారాలన్నీ అతికించిన చార్టు లీడర్ ఇంట్లోనే ఉండాలి, వెతికి తెచ్చే బాధ్యత తనదే. నేను తెగిన సీటు బెల్టు ముక్క ఒకటి తెస్తున్నాను. చార్టులో కింద ఎడమ మూల మనం ఖాళీగా వదిలాం, గమ్ అయిపోయి. అక్కడ పడుతుంది.