వాము ఏ డబ్బాలో ఉంది?

జూన్ 13, శుక్రవారం. పర్లాకిమిడి.

పొద్దున్న నాలుగున్నరకి నడుము లేపింది. అలారం ఐదున్నరకి పెట్టుకున్నాను, దాని అవసరం రాలేదు. నడుములో మొదలై తొడల్లోకి దిగే లాగుడు, పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు... ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు, మగవాళ్లకి చెప్పినా తెలీదు. ఫోన్‌లో రాసుకున్న లెక్క ప్రకారం నెలసరికి ఇంకా రెండు రోజులుంది. నా ఒళ్లు ఆ లెక్క ఎప్పుడు చూసింది గనక.

కాసేపు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాను. తగ్గలేదు. అత్తయ్యా బాబూ బొబ్బిలిలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నారు, ఇక్కడ బడులకి సెలవులు ఇంకా అవలేదు. పక్కన మా ఆయన గుర్రు. లేపుదామా అనుకున్నాను, లేపి ఏం చెయ్యమంటాను అని మళ్లీ నాకే అనిపించి నేనే లేచి వంటింట్లోకి నడిచాను.

వాము కషాయం మా అమ్మ పద్ధతిలోనే పెడతాను. మూకుడు వేడెక్కాక నూనె లేకుండా చెంచాడు వాము వెయ్యాలి. ముందు ఏమీ అవదు, చూస్తూ నిలబడితే విసుగొస్తుంది. ఇంకో నిమిషానికి ఒక గింజ చిట్‌మంటుంది, తర్వాత రెండు, ఆ తర్వాత ఒక్కసారిగా ఘాటు లేచి ముక్కులోంచి నెత్తికెక్కుతుంది. అక్కడే పొయ్యి కట్టెయ్యాలి, క్షణం ఆలస్యమైతే మాడి చేదొస్తుంది. ఇవాళ కొంచెం మాడింది, ఎందుకంటే సరిగ్గా ఆ సమయానికి నేను గట్టు పట్టుకుని వంగి, పళ్లు బిగించి, ఒక నొప్పి దాటేదాకా ఆగుతున్నాను. తర్వాత రెండు గ్లాసుల నీళ్లు, బొటనవేలి కణుపంత అల్లం దంచి, రెండు మిరియాలు. రెండు గ్లాసులు ఒక గ్లాసయ్యేదాకా మరగాలి, బెల్లం చివర్లో. అంటే పావుగంట పైమాటే. ఆ పావుగంటా నిలబడాలి, కూర్చుంటే పొంగేది తెలీదు.

తాగాక ఒక అరగంటకి కొంచెం తెరిపి ఇచ్చింది. ఇస్తుంది, అబద్ధం చెప్పకూడదు.

ఆరింటికి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ పాతపట్నంలో ఉంటుంది, బస్సెక్కితే అరగంట కూడా పట్టదు, రాష్ట్రం మాత్రం వేరు, అది ఆంధ్రా, ఇది ఒడిశా. "శొంఠి వేసేవా? అల్లం కాదే, శొంఠి. ఒంట్లో చలవ చేసింది, వేడి తగలాలి" అంది. పెట్టేసి ఇంకా టీ గ్లాసు చేతిలోకి తీసుకోలేదు, బొబ్బిలి నుంచి అత్తయ్య. ఆవిడ వరస పూర్తిగా తిరగేసినట్టు. "వేడి చేసిందమ్మా నీకు, ఈ ఎండల్లో ఆ వామూ మిరియాలూ తాగితే ఇంకా ఎక్కువైపోద్ది. రాత్రి ధనియాలు నానబెట్టుకోలేదా? ఆ నీళ్లు వడగట్టుకుని పటికబెల్లం వేసుకు తాగు, మధ్యాహ్నం మజ్జిగలో మెంతులు." పెళ్లయి పదకొండేళ్లయింది, నా కడుపులో వేడా చలవా అన్నది ఈ ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు. నేనేమో పొద్దున్న అమ్మ మందు, మధ్యాహ్నం అత్తయ్య మందు తాగి ఇద్దరికీ తగ్గిందనే చెబుతాను.

నిజానికి ఇద్దరూ చెప్పేదానికీ లోపల జరిగేదానికీ మధ్య ఉన్నది ప్రోస్టాగ్లాండిన్లు. పేరు నోరు తిరగదు గానీ సంగతి సులువే. గర్భసంచి లోపలి పొర ఊడేటప్పుడు ఇవి తయారై ఆ కండరాన్ని బిగించి బిగించి వదులుతాయి, అదే నొప్పి. అవి పక్కనున్న పేగులనీ వదలవు, అందుకే కొందరికి మొదటి రోజు కడుపు జారడం, ఉబ్బరం, వికారం. వాము ఉబ్బరానికి వాడే దినుసే, అందుకే కాస్త తేలికపడతామేమో. అల్లం మీద మాత్రం పరిశోధనలు బాగానే జరిగాయి, అల్లం పొడి రోజుకి ముప్పావు గ్రాము నుంచి రెండు గ్రాముల దాకా మొదటి మూడు నాలుగు రోజులు ఇచ్చి చూస్తే నొప్పి తగ్గినట్టే తేలింది. అమ్మ శొంఠి గెలిచినట్టే. ఆవిడకి చెప్పను, చెబితే ఇక పట్టలేం.

తొమ్మిదిన్నరకి షాపు. బట్టల షాపులో లెక్కలు రాస్తాను. రేపట్నుంచి రొజొ పండగ కదా, ఒడియా కుటుంబాల వాళ్లు ఆడపిల్లలకి కొత్తబట్టలు కొనుక్కోడానికి వస్తున్నారు. కటక్, పూరీ వైపున్నంత హడావుడి మా వైపు ఉండదుగానీ అక్కణ్నుంచి ఉద్యోగాల మీద వచ్చిన వాళ్లున్నారుగా. బాత్‌రూమ్ రెండో అంతస్తులో, మెట్లు ఇరవై ఎనిమిది, ఇవాళ నాలుగుసార్లు ఎక్కి దిగాను కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను. ఓనరు మంచివాడే, కానీ నాలుగోసారి గడియారం చూశాడు.

కౌంటర్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయిది కటక్ దగ్గర ఊరు, పెళ్లయి ఇక్కడికొచ్చింది, నన్ను అపా, అంటే అక్కా అంటుంది. నా మొహం చూసి ఏమీ అడక్కుండా తన బ్యాగులోంచి చిన్న ఫ్లాస్కు తీసి మూతలో పోసి ఇచ్చింది. జువాణి పాణి. మన వాము నీళ్లే, కాకపోతే వాళ్లు పానమధురి కూడా వేస్తారట, అంటే సోంపు, బెల్లం బదులు కొంచెం నల్లుప్పు. నోట్లో పెట్టుకోగానే తేడా తెలిసింది. మనది గొంతులో మండుతూ దిగుతుంది, ఇది నాలిక మీద చల్లగా ఆగి తర్వాత కడుపులో వెచ్చబడుతుంది. నిన్న రాత్రి పొఖాళొ, అంటే నీళ్లలో నానిన చద్దన్నం తిన్నావా అని అడిగింది, నెలసరి రోజుల్లో అది తినకూడదంటుంది వాళ్లమ్మ. మా మామ్మ కూడా చద్దన్నం, తరవాణి తాగనిచ్చేది కాదు. వాళ్లు తొరాణి అంటారు, మనం తరవాణి అంటాం, ఏ భాషలోది ఏ భాషలోకి వెళ్లిందో గానీ కుండలో పులిసిన ఆ నీళ్లూ ఒకటే, తాగొద్దన్న మాటా ఒకటే.

అమ్మాయి రొజొ గురించి చెబుతుంటే వింటూ కూర్చున్నాను, బేరాలు కూడా మందంగానే ఉన్నాయి. మూడు రోజులు. భూదేవి బయట చేరిందని ఆ మూడు రోజులూ నేల దున్నరు, తవ్వరు. ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, నేల మీద వట్టి కాళ్లతో నడవరు. ముందే పొడొపిఠా చేసేసుకుంటారు, బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి కలిపి సన్నని సెగ మీద రాత్రంతా కాల్చేది, పైన మాడినట్టు నల్లగా, లోపల మెత్తగా. నాలుగో రోజు సన్నికల్లుకి పసుపు రాసి నీళ్లు పోసి బొట్టు పెట్టి పూలు పెడతారు, భూదేవికి స్నానమన్నమాట. సన్నికల్లు అనగానే నాకు నవ్వొచ్చింది. భూమికి స్నానం చేయించడానికి వంటింట్లో రుబ్బే రాయి ఎంచుకున్నారంటే, ఆ ఆలోచన చేసింది ఏ ఆడదో అయ్యుంటుంది.

సరే, భూమికి మూడు రోజులు. మాకు? 2024 ఆగస్టు 15న ఒడిశా ఉపముఖ్యమంత్రి ప్రవాతి పరిడా కటక్‌లో జెండా పండగ వేదిక మీద ఆడ ఉద్యోగులకి నెలసరిలో ఒక రోజు సెలవని చెప్పారు. కలెక్టరేట్‌లో పనిచేసే మా వీధి వదినకి అక్కరకొస్తోంది. మా షాపు మెట్ల దాకా ఇంకా రాలేదు. వచ్చినా ఫలానా రోజు నాకు ఇలా ఉందని ఓనరుతో చెప్పాలంటే నా నోరు పెగలాలి కదా, అది వేరే కథ.

మధ్యాహ్నం స్టోర్‌రూమ్‌లో బేళ్ల మీద పది నిమిషాలు వాలినప్పుడు మామ్మ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు పాతపట్నం ఇంట్లో ఎవరికి నెల వచ్చినా వసారాలో చాప, విడిగా కంచం, విడిగా గ్లాసు, మూడు రోజులు లోపలికి రాకూడదు, ఎవర్నీ తాకకూడదు. కషాయం మామ్మే కాచి తెచ్చి, ఎత్తు నుంచి గ్లాసులోకి ధారగా పోసేది, చెంబు గ్లాసుకి తగలకుండా. పదమూడేళ్ల పిల్లకి అది ఎంత అవమానమో, ఎదురింటి కుర్రాళ్లు సైకిల్ మీద పోతూ చూస్తుంటే తల ఎత్తబుద్ధయ్యేది కాదు. పెళ్లయ్యాక ఆ చాప ఎత్తేశాం, అత్తయ్య కూడా పట్టించుకోలేదు, దేవుడి గది ఒక్కటే మినహాయింపు. చాలా సంతోషించాను. కానీ ఇవాళ పొద్దున్న గట్టు పట్టుకుని వంగి నిలబడ్డప్పుడు వచ్చిన ఆలోచన ఇది, రాయడానికి కూడా ఇష్టం లేదు: చాప మీద ఉన్నప్పుడు కషాయం ఎవరో ఒకరు కాచి ఇచ్చేవారు, ఎందుకంటే నన్ను వంటింట్లోకి రానిచ్చేవారు కాదు గనక. ఇప్పుడు వంటిల్లంతా నాదే. కషాయమూ నేనే, ఉప్మా నేనే, ఈయన క్యారేజీ నేనే. అంటు పోయింది మంచిదే, దాంతోపాటు పడుకునే హక్కు కూడా ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు.

ఆ చాప మళ్లీ కావాలని కాదు బాబూ, ఎవరైనా అలా అర్థం చేసుకుంటే నేను ఊరుకోను.

కషాయాల మీద నాకు ఇంకో కోపం కూడా ఉంది. మా అప్ప, అంటే అక్క. ఐదేళ్లు ప్రతి నెలా ఇదే వాము, ఇదే శొంఠి తాగింది. రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చేది, ఎనిమిది తొమ్మిది రోజులు ఆగేది కాదు, గడ్డలు గడ్డలుగా పడేది, మేమంతా "దాని ఒళ్లే అంత" అనుకున్నాం. ఒకరోజు మేడ మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాక శ్రీకాకుళం తీసుకెళ్తే హిమోగ్లోబిన్ ఏడు. పన్నెండు ఉండాలి ఆడవాళ్లకి. స్కాన్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే గడ్డ. డాక్టరమ్మ కషాయం తాగొద్దనలేదు, "దానికి రక్తం పట్టదు, అది గడ్డ కరిగించదు, ఇన్నాళ్లు ఎందుకాగారు?" అని మా అమ్మని అడిగింది. అమ్మ దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి నేను ఐరన్ మాత్ర మానలేదు. దాన్ని టీతో గానీ టీ తాగిన వెంటనే గానీ వేసుకోకూడదు, టీ ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. మనింట్లో మాత్ర అంటే టీ గ్లాసుతోనే కదా మింగేది.

నొప్పి మాత్ర కూడా ఇంట్లో ఉంది, ఐబుప్రోఫెన్. నా తప్పేంటంటే భరించి భరించి ఇక లాభం లేదనుకున్నాక వేసుకుంటాను. నొప్పి మొదలవగానే, ఏదో తిన్నాక వేసుకుంటే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది ఆపేది ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే, అవి తయారైపోయాక ఆపేదేముంది. అందరూ అడిగి కొనుక్కునే మెఫెనమిక్ యాసిడ్ మాత్రలు నేను మానేశాను. 2023 నవంబరు చివర్లో మందుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాని మీద హెచ్చరిక ఇచ్చింది, అరుదుగా కొందరికి జ్వరం, ఒళ్లంతా దద్దుర్లతో తీవ్రమైన అలర్జీ వస్తుందని. నాకు ముందే సల్ఫా మాత్ర పడదు, ఎందుకొచ్చిన టెన్షన్.

ఇంటికొచ్చి వేడినీళ్ల సంచి పెట్టుకుని మంచమెక్కాను. అన్నింట్లోకీ నాకు బాగా నమ్మకం ఈ రబ్బరు సంచి మీదే. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో పొత్తికడుపు మీద 39 డిగ్రీల వేడి ఉండే పట్టీ పెట్టి చూస్తే ఐబుప్రోఫెన్‌కి దీటుగా పనిచేసిందట, రెండూ కలిపితే ఇంకా త్వరగా తగ్గిందట. మామ్మ ఇటుకముక్క కాల్చి గుడ్డలో చుట్టి ఇచ్చేది. డిగ్రీలు ఎన్నుండేవో మరి, ఒకసారి లంగా కాలింది.

ఏడున్నరకి మా ఆయన వచ్చి చూసి "ఏటయింది?" అన్నారు. చెప్పాను. పొద్దున్న ఎందుకు లేపలేదన్నారు. పొద్దున్న వంటింట్లో వచ్చిన ఆలోచన కూడా చెప్పేశాను, కొంచెం గట్టిగానే. ఏమీ అనలేదు, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి వంటింట్లోకి వెళ్లారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి, సంచి పట్టుకుని వింటూ పడుకున్నాను. మూతలు తీస్తున్న చప్పుడు. "వాము ఏ డబ్బాలో ఉంది?" రెండో అరలో, ఎడంవైపు. "దీంట్లో ఏదో ఉంది, వామేనా?" నాకెలా కనబడుతుంది. "శొంఠి అంటే పొడా, కొమ్మా?" పేర్లు రాసి పెట్టాను కదండీ డబ్బాల మీద, నాలుగేళ్లయింది, చదవండి.

అన్నాక గుర్తొచ్చింది. ఈయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, చదువంతా ఒడియా మీడియం. తెలుగు నాకన్నా గడగడా మాట్లాడతారు, చదవమంటే సినిమా పోస్టర్ మీద హీరో పేరు దగ్గరే ఆగిపోతారు. నాలుగేళ్లుగా ఆ డబ్బాలు ఈయనకి మూగవే.

ముప్పావుగంటకి గ్లాసు వచ్చింది. వాము కాదు, జీలకర్ర. మిరియాలు గుప్పెడు పడ్డట్టున్నాయి. చింతపండు ఒక్కటే తక్కువ, లేకపోతే అన్నంలో కలుపుకునేదాన్ని. మొత్తం తాగాను. అడుగున పిప్పి కూడా వదల్లేదు.

ఇప్పుడు తొమ్మిదిన్నర. ఆయన వంటింట్లో నేల మీద కూర్చుని, బాబు స్కెచ్ పెన్నుతో డబ్బాలన్నిటి మీదా పేర్లు రాస్తున్నారు. ఒక్కో డబ్బా మూత తీసి నా దగ్గరికి తెచ్చి వాసన చూపించి పేరు అడిగి తీసుకెళ్తున్నారు. పాత కాగితాలు చించేసి కొత్తవి అంటించారు. మొత్తం ఒడియాలో. అందులో నాకు ఒక్క అక్షరం రాదు.