స్టెనో మెషీన్ ముందు కూర్చునే తీరు

న్యూజెర్సీలో కోర్టు రిపోర్టరుగా, అంటే మాట్లాడిన ప్రతి మాటనూ రికార్డుకెక్కించే స్టెనోగ్రాఫరుగా పనిచేస్తున్న నాకు రోజులో ఎక్కువ భాగం న్యాయవాదుల కార్యాలయాల్లో సాక్షుల వాంగ్మూలాలు రాసుకోవడంతోనే గడుస్తుంది. గుంటూరులో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్న రోజుల్లో నోటుబుక్కు, చెక్కిన పెన్సిలు ఉంటే సరిపోయేది. ఇక్కడ వాడే స్టెనో మెషీన్‌కు 22 మీటలు, వాటి పైన అంకెల పట్టీ ఉంటాయి. నాలుగైదు మీటలను ఒక్కసారిగా నొక్కితే ఒక పలుకో, ఏకంగా ఒక మాటో పడుతుంది. కోర్టు రిపోర్టర్లకు అర్హతా పత్రమిచ్చే ఆర్.పి.ఆర్. (రిజిస్టర్డ్ ప్రొఫెషనల్ రిపోర్టర్) పరీక్షలో ప్రశ్నోత్తరాలను నిమిషానికి 225 మాటల వేగంతో, 95 శాతం తప్పుల్లేకుండా రాయాలి. అంత వేగాన్ని సాయంత్రం దాకా నిలబెట్టేది వేళ్ల చురుకుదనం కన్నా కూర్చునే తీరేనని నా గట్టి నమ్మకం.

ట్రైపాడ్ మీద నిలిపిన మెషీన్‌ను మోకాళ్ల మధ్యకు తెచ్చుకుని, భుజాలు వదులుగా, మోచేతులు ఒంటికి దగ్గరగా సుమారు 90 డిగ్రీల వంపులో ఉండేలా, మణికట్టు పైకీ కిందికీ వంగకుండా ఎత్తు సరిచూసుకోవాలి. చిక్కంతా గదిలోని పెద్ద బల్లతోనే వస్తుంది. దాని అంచు అడ్డొస్తోందని మెషీన్‌ను పైకి లేపితే భుజాలూ లేస్తాయి, మధ్యాహ్నానికి మెడ పట్టేస్తుంది. మెషీన్‌ను పైకి లేపే బదులు కుర్చీని బల్లకు కాస్త ఎడంగా జరుపుకోవడమే మేలు. మెత్తటి తోలు కుర్చీలు చూపుకు బాగుంటాయి గానీ వాటి చేతులు మోచేతులకు తగులుతాయి, వీపు వెనక్కి వాలిపోతుంది. అందుకే చేతుల్లేని కుర్చీ అడిగి తెప్పించుకుంటాను, నడుముకు ఆనించుకునే చిన్న దిండు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. రాసింది కనబడే ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టుకుంటే మెడ రోజంతా ఒకే వైపు తిరిగి ఉంటుంది కనుక దాన్ని వేరే స్టాండ్ మీద ఎదురుగా నిలుపుకోవాలి. మీటల లోతునూ బిగువునూ తగ్గించుకుంటే వేళ్లకు శ్రమ తగ్గుతుంది.

పెద్ద లాయర్ల ముందు కుర్చీ మార్చమనడానికి, విరామం అడగడానికి మన వైపు నుంచి వచ్చినవాళ్లకు సహజంగానే మొహమాటం ఉంటుంది. ఈ వృత్తిలో ఆ మొహమాటం పనికిరాదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఆపమని చెప్పేది రిపోర్టరే, సాక్షి చేత ప్రమాణం చేయించేదీ రిపోర్టరే. తిమ్మిరెక్కిన చేతులతో రాసిన రికార్డు వల్ల నష్టపోయేది కక్షిదారులు. కాబట్టి సర్దుకోవలసినవన్నీ ప్రమాణానికి ముందే సర్దుకుని, గంటకో గంటన్నరకో విరామం కావాలని అప్పుడే ఇరుపక్షాలకూ చెప్పేస్తాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.