విశాఖలో 1971 జాడలు

1971 యుద్ధాన్నీ, దాన్ని నడిపిన ఇందిరా గాంధీనీ కలిపి చూద్దామంటే విశాఖలో కుదరదు. యుద్ధం బీచ్ రోడ్డులో ఉంది. ఆవిడ పేరేమో ఎండాడ దగ్గర జూపార్కుకి పెట్టారు. ఒక్కరోజులో రెండూ తిరగొచ్చు కానీ సోమవారం వద్దు, రెండింటికీ సెలవే. ఎండ ముదరకముందే జూ ముగించుకుని, మధ్యాహ్నం దాటాక కుర్సురాకి వెళ్లాం.

ఆర్కే బీచ్‌లో ఒడ్డెక్కించిన 91 మీటర్ల సబ్‌మెరైన్ ఇది. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. ముందువైపు టార్పెడో గదిలోంచి ఎక్కి వెనకనుంచి దిగాలి. గదికీ గదికీ మధ్య గుండ్రటి కన్నాలే దారి. తల ముందు పెడితే నుదురు బొప్పి కట్టడం ఖాయం. ముందు ఒక కాలు అవతల వేసి, నడుం వంచి, తల చివర్న తేవాలి. చీర కుచ్చిళ్లు అంచుకి తట్టుకుంటాయి, వీపు మీది బ్యాగు ఇరుక్కుంటుంది. వెనక జనం తోస్తున్నా ఇంజన్ల దగ్గర కాసేపు ఆగండి. డీజిల్ ఇంజన్లు మూడు, ఎలక్ట్రిక్ మోటార్లు మూడు. డీజిల్‌కి గాలి కావాలి గనక నీళ్లలో మునిగాక బ్యాటరీలే దిక్కు. అవి తగ్గితే పైకి రావాలి, వస్తే శత్రువు కంటపడాలి.

"ఘాజీని ముంచింది ఇదే" అని క్యూలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. కాదు. అప్పట్లో కుర్సురా గస్తీ అరేబియా సముద్రంలో. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఇక్కడికి వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ వైపు దాచేసి, రాజ్‌పుత్ అనే పాత నౌకతో అది ఇక్కడే ఉందన్న భ్రమ కల్పించారు.

డిసెంబర్ 3 సాయంత్రం మన వైమానిక స్థావరాల మీద పాకిస్తాన్ దాడి చేసేసరికి ఇందిర కలకత్తాలో ఉన్నారు. ఢిల్లీ చేరి, అర్ధరాత్రి దాటాక రేడియోలో మాట్లాడారు. ఇంచుమించు ఆ వేళకే ఈ తీరంలో ఇళ్ల కిటికీ అద్దాలు అదిరాయి. ఘాజీ అందులోని వాళ్లందరితో సహా మునిగిపోయింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీళ్లలోపల పేలే బాంబుల) వల్లేనని మనవాళ్లు, కాదు ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడని వాళ్లు. శిథిలం ఇంకా సముద్రం అడుగునే ఉంది.

కుర్సురా దిగాక అదే రోడ్డు మీద విక్టరీ ఎట్ సీ స్మారకం. ఏటా నేవీ డేకి, అంటే డిసెంబర్ 4న, పుష్పగుచ్ఛాలు పెట్టేది ఇక్కడే.

ఇక విశాఖలో ఇందిర అంటే పెద్దవాళ్లకి యుద్ధం కన్నా ముందు గుర్తొచ్చేది స్టీల్‌ప్లాంటు. దానికి ఆవిడ శంకుస్థాపన చేసింది కూడా ఆ 1971లోనే, జనవరి 20న. అనుమతి లేనిదే ప్లాంటు లోపలికి వదలరు గనక గాజువాక దాకా ఊరికే వెళ్లి తిరిగిరాకండి.