గంట పనికీ లెక్కుంది

కింది వాటాలో ఉండే పిన్నిగారింటికి ఈ మధ్యాహ్నం కేంద్ర ప్రభుత్వ శ్రామిక శక్తి సర్వే కోసం ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. "ఇన్ని ఇళ్లుండగా మా ఇంటికే ఎందుకొచ్చావమ్మా, తెల్లకార్డు తీసేస్తారా?" అని ఆవిడ కంగారుపడి నన్ను పిలిచారు. ఇల్లు యాదృచ్ఛికంగా ఎంపికైందనీ, 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం జవాబులను గణాంకాలకు మాత్రమే వాడతారనీ ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది.

పిన్నిగారి భయం నాకు వింతగా అనిపించలేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, పేరు రాయించుకోకపోతే పథకాలు అందవేమోనని ఎందరో పనులు మానుకుని, కిక్కిరిసిన బస్సుల్లో సొంతూళ్లకు వెళ్లారు. సర్వే అంటే లబ్ధిదారుల జాబితా అనే మనవాళ్లు అనుకుంటారు. కొద్ది ఇళ్లను అడిగి దేశం పరిస్థితిని అంచనా వేసే నమూనా సర్వే వేరే సంగతని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఏం పని చేస్తారని అడిగితే "పనేముందమ్మా, ఇంట్లోనే ఉంటాను" అన్నారు పిన్నిగారు. ఆ అమ్మాయి అంతటితో ఆగకుండా, గత 7 రోజుల్లో ఏ రోజైనా, గంటసేపైనా డబ్బులొచ్చే పని చేశారా అని మళ్లీ అడిగింది. పక్కింటివారి చీరలకు ఫాల్స్ కుట్టిచ్చిన సంగతి అప్పుడు బయటికొచ్చింది. ఆ ఒక్క జవాబుతో, వారపు లెక్కలో పిన్నిగారు ఉపాధి ఉన్నవారయ్యారు. 2025 నుంచి నెలనెలా వెలువడుతున్న నిరుద్యోగ రేటుకు ఈ వారపు లెక్కే ఆధారం. వార్షిక నివేదికలోనైతే గడచిన 365 రోజుల స్థితిని చూసే లెక్క కూడా ఉంటుంది. రెండు అంకెలూ కలవకపోతే అందులో మోసమేమీ లేదు, అడిగిన ప్రశ్నలే వేరు. అయినా రేటు తగ్గిందని సంబరపడేవారు గానీ, అంతా బూటకమని కొట్టిపారేసేవారు గానీ ఆ ప్రశ్నేమిటని అడగడం నేను అరుదుగానే విన్నాను. పదో తరగతిలో సగటు, మధ్యగతం, బాహుళకం కట్టడం నేర్పుతున్నాం. వాటితోపాటు పత్రికలో వచ్చిన ఒక అంకెను తీసుకుని, దాన్ని ఎవరిని అడిగి, ఏమని అడిగి రాబట్టారో పిల్లల చేత వెతికించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

వీధి చివరి పెద్ద అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదని వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి చెప్పింది. కలిగినవారు తలుపు తీయకపోతే వారి ఆదాయాలూ ఉద్యోగాలూ లెక్కకు రావు, ఆ మేరకు అంచనా ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఆ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీకి నేనే ఫోన్ చేసి, చాలాసేపు నచ్చజెప్పాను. ఆదివారం ఉదయం పంపించమన్నారు.