ఉపగ్రహ చిత్రాన్ని నేల మీద సరిగ్గా కూర్చోబెట్టడానికి నాకు పట్టిన నాలుగు నెలలు

ఎం.టెక్ ప్రాజెక్టుకి నేను విశాఖ తీరాన్ని ఎంచుకున్నాను. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఇసుక ఎక్కడ కోసుకుపోయింది, ఎక్కడ మేట వేసింది అన్నది రెండు కాలాల ఉపగ్రహ చిత్రాలు పోల్చి చెప్పాలి. పాతది కార్టోశాట్-1 తీసిన నలుపు తెలుపు చిత్రం, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానుకి ముందుది. రెండూ ఒకదాని మీద ఒకటి వేయగానే సముద్రం బాగా లోపలికి వచ్చేసినట్టు కనిపించి గుండె ఝల్లుమంది. కాసేపు చూశాక తెలిసింది, బీచ్ రోడ్డు కూడా అంతే దూరం జరిగి ఉంది. కొలిస్తే దాదాపు 90 మీటర్లు. పిక్సెల్ సైజు రెండున్నర మీటర్లే. చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా అది ఉండాల్సిన చోట లేదన్నమాట.

ఇందులో ఉపగ్రహం తప్పేమీ లేదు. అది 618 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూసింది. ఎటు తిరిగి చూస్తోందన్న లెక్కలో డిగ్రీలో నూరో వంతు తేడా వచ్చినా కింద నేల మీద 100 మీటర్లు దాటుతుంది. ఆ తేడాని నేల మీద కొలిచిన పాయింట్లతో మనమే సరిచేయాలి. వాటినే జీసీపీలు అంటారు.

మొదట నేను దగ్గరి దారి పట్టాను. ఫోన్ జీపీఎస్‌తో ఏడు పాయింట్లు తీసుకుని, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో రెండో డిగ్రీ పాలినోమియల్ పెట్టాను, అంటే చిత్రాన్ని వంచి ఆ పాయింట్లకి సరిపెట్టే సూత్రం. ఎర్రర్ ఒక పిక్సెల్ కంటే తక్కువ చూపించింది. సంతోషంగా తీసుకెళ్లి మా సార్‌కి చూపిస్తే ఆయన ఒక్కటే అడిగారు: "లెక్కలో వాడని పాయింట్లతో చూశావామ్మా?"

చూడలేదు. చూస్తే కైలాసగిరి వైపు 25 మీటర్లు తప్పింది. రెండో డిగ్రీకి కనీసం ఆరు పాయింట్లు కావాలి. నేనిచ్చినవి ఏడు. చిత్రాన్ని రబ్బరు షీటులా సాగదీసి ఆ ఏడింటి మీదుగా పోనిస్తే ఎర్రర్ తక్కువే వస్తుంది, మధ్యలో కొండ ఉందని ఆ లెక్కకి తెలియదు. వాడిన పాయింట్ల మీద వచ్చే ఆర్‌ఎంఎస్ఈని, అంటే ఒకరకం సగటు తప్పుని, నేను ఆ రోజు నుంచి నమ్మడం మానేశాను. రిపోర్టుల్లో ఆ ఒక్క అంకె వేసి ఊరుకోవడం కనిపిస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

రెండోసారి పద్ధతిగా మొదలుపెట్టాను. చిత్రంతో పాటు ఆర్పీసీ ఫైలు వస్తుంది. నేల మీది అక్షాంశం, రేఖాంశం, ఎత్తు ఇస్తే అది చిత్రంలో ఎన్నో వరుసలో, ఎన్నో పిక్సెల్‌లో పడుతుందో చెప్పే 80 గుణకాలు అందులో ఉంటాయి. చిత్రాన్ని సాగదీసే పని లేదు, ఆ లెక్కకి చిన్న సవరణ చేస్తే చాలు. ఆ సవరణకి మంచి పాయింట్లు కావాలి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్లు తప్పుతుంది కాబట్టి ఈసారి డీజీపీఎస్ పట్టుకెళ్లాను, రెండు రిసీవర్లతో జీపీఎస్ తప్పుని సరిచేసే పరికరం. కదలకుండా ఉండే బేస్ హాస్టల్ మేడ మీద, తిప్పే రోవర్ నా చేతిలో. ఒక్కో పాయింట్ దగ్గర అరగంట. లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట. రోడ్లు కలిసే మూలలు, కల్వర్టు చివరలు, సిమెంటు నేలల అంచులు వెతుక్కున్నాను. మేడలు పనికిరావు, వాటి ఎత్తుకి అవి పక్కకి వాలినట్టు పడతాయి. చెట్లూ అలల అంచూ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొత్తం 14 పాయింట్లు వచ్చాయి. ఎనిమిది లెక్కకి పెట్టుకుని ఆరు పరీక్షకి దాచాను.

అయినా దాచిన ఆరూ తప్పాయి. 30 మీటర్ల పైచిలుకు, అన్నీ ఒకే దిక్కుకి. మూడు రాత్రులు నిద్రలేదు. ఫీల్డ్ పుస్తకం తిరగేస్తుంటే బీచ్‌లో తీసిన పాయింట్ ఎత్తు కంటపడింది. పదుల మీటర్లు మైనస్‌లో ఉంది. నేను నిలబడింది ఇసుక మీద, సముద్ర మట్టానికి పైనే కదా!

డీజీపీఎస్ ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ నుంచి, అంటే భూమికి బదులు లెక్కల్లో వాడే కాస్త నొక్కిన నున్నటి గోళం నుంచి కొలిచింది. ఆర్పీసీ అడిగేదీ అదే. నేను వాడిన ఎస్ఆర్‌టీఎం డెమ్‌లో (నేల ఎత్తుల పటం) ఎత్తులు మాత్రం సముద్ర మట్టం నుంచి ఉంటాయి. మన తీరంలో ఈ రెండింటికీ మధ్య తేడా పదుల మీటర్లు. దానికి తోడు నా చిత్రం ముందుకి 26 డిగ్రీల వాలుతో చూసే ఫోర్ కెమెరాది. ఆ వాలులో ఎత్తు 100 మీటర్లు తప్పితే స్థానం దాదాపు 50 మీటర్లు జరుగుతుంది. వెనక్కి 5 డిగ్రీలే వాలిన ఆఫ్ట్ కెమెరా చిత్రమైతే ఈ తప్పు ఇంత పెద్దగా బయటపడేది కాదు, నాకు తెలియకుండానే లోపల ఉండిపోయేది. డెమ్ ఎత్తులన్నీ ఎలిప్సాయిడ్‌కి మార్చి మళ్లీ ఆర్థో చేశాను, అంటే ఎత్తుల వల్ల వచ్చే జరుగుడు తీసేసి చిత్రాన్ని మ్యాపులా సరిచేశాను. ఆరు చెక్ పాయింట్లూ దారికి వచ్చాయి.

మిగిలింది ఒకే ఒక్క జీసీపీ. ఒక మత్స్యకార పల్లెలో వలలు ఆరబెట్టే సిమెంటు గట్టు మూల. అక్కడ మాత్రం 11 మీటర్ల తేడా. సాఫ్ట్‌వేర్‌లో టిక్ తీసేస్తే పోయేది, చాలామంది అదే చేస్తారు. నాకు మనసొప్పలేదు. కొలతలో పొరపాటైతే ఏమిటో తెలియాలి, అందుకే మళ్లీ వెళ్లాను.

ట్రైపాడ్ బిగిస్తుంటే వల బాగుచేసుకుంటున్న తాత అడిగాడు. "ఏటమ్మా, మొన్నా ఇదే కొలిసినావు?"

పాత ఫొటోలో ఈ గట్టు వేరే చోట పడుతోందని చెప్పి ఫోన్లో చూపించాను. నాలుగు పిక్సెళ్ల తెల్లటి చతురస్రం. దగ్గరికి తీసుకుని చూశాడు.

"ఇది ఆ గట్టు కాదమ్మా. అది తుపానుకి ఇరిగిపోనాది. ఎనక్కి జరిపి ఇది కట్టినాం. పాటుకి రా, పాతదాని మొదలు కనిపిస్తాది."

పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గే సమయం చూసుకుని వెళ్లాను. మోకాళ్ల లోతు నీళ్లలో నాచు పట్టిన సిమెంటు అంచు, రెండు చోట్ల ఇనప చువ్వలు బయటికి వచ్చి ఉన్నాయి. తాతే కాలితో ఇసుక తోసి మూల చూపించాడు. ఒక్కో అల వచ్చినప్పుడల్లా పోల్ కదలకుండా ఇద్దరం పట్టుకున్నాం. కొలత పూర్తయ్యేసరికి నీళ్లు నడుము దాకా వచ్చాయి.

ఆ రాత్రే మళ్లీ రన్ చేశాను. గట్టు దగ్గర తేడా 1.9 మీటర్లు. చెక్ పాయింట్ల ఆర్‌ఎంఎస్ఈ 3.2 మీటర్లు. రిపోర్టులో ఆ పాయింట్ పక్కన "హుద్‌హుద్‌కి ముందున్న గట్టు, పాటు వేళ నీటిలో కొలిచినది" అని రాశాను. తీరం గీత గీయడం ఆ మర్నాడు మొదలుపెట్టాను.