వెనక బెంచీ మొక్కలతో అడవి

మన ఉద్యాన కళాశాల ప్రాక్టికల్స్‌లో అంట్లు కట్టడం, కుండీలు మార్చడం అయ్యాక చివర్లో బోన్సాయ్ ఉండేది గుర్తుందా? లావుపాటి మొదలున్న మొక్క కోసం అందరూ ఎగబడేవాళ్లు. షేడ్‌నెట్ కింద మిగిలేవి మెడ సాగినవి, బక్కవి, ఒకవైపే కొమ్మలున్నవి. మాష్టారు వాటిని పారేయనిచ్చేవారు కాదు, బోన్సాయ్ అడవికి, అంటే ఒకే పళ్లెంలో పెంచే పొట్టి చెట్ల గుంపుకు, కావలసినవి అవేనని. అది ముమ్మాటికీ నిజం. చుట్టూ నిండుగా కొమ్మలున్న మొక్కలు తొమ్మిది తెచ్చి ఒక పళ్లెంలో పెడితే వచ్చేది పొద, అడవి కాదు. ఇప్పుడు మేడ మీద ప్రయత్నిస్తామంటున్న మన బ్యాచ్‌ల వాళ్ల కోసం ఆ పాఠమే మళ్లీ.

జపాన్‌లో ఇలాంటి అడవిని యోసె-ఉయె అంటారు. ఒకే జాతి వాడండి. రెండు జాతులు కలిపితే ఒకదానికి సరిపోయిన నీళ్లు ఇంకోదానికి ఎక్కువవుతాయి, రెండో ఏడాదికల్లా బలమైనది రెండోదాన్ని మింగేస్తుంది. మొదటిసారికి చిన్నాకు ఫికస్ (మర్రి, రావి జాతుల కోవది) మంచిది, వేళ్లు ఎంత కోసినా ఓర్చుకుంటుంది. సరుగుడు నారు చవక, అడవి రూపమూ దానిదే అందం. అయితే వేళ్ల మీది బుడిపెల్లో నత్రజని పట్టే సూక్ష్మజీవులుంటాయి, వేళ్లను శుభ్రంగా కడిగేయకండి. చింతతో ఇబ్బంది దాని తల్లివేరు. చిన్న మొక్కగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరించి వెడల్పు తొట్టిలో పెంచి ఉంటే తప్ప పళ్లెంలోకి దిగదు.

తొమ్మిది చెట్లకు 60 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. లోతున్న పళ్లెం చాలు. పెద్ద చెట్టు ఎత్తు 45 సెం.మీ., అన్నిటికన్నా చిన్నది 20. ఎత్తుకు తగ్గట్టు లావూ తగ్గాలి. పొడుగ్గా ఉండి సన్నగా ఉన్నదాన్ని మొహమాటం లేకుండా తల కోయండి. చెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్న నియమం చిన్న గుంపులకే. పదిహేను దాటాక ఎవరూ లెక్కపెట్టరు.

మట్టి: జల్లించిన ఇటుక రవ్వ నాలుగు పాళ్లు, ముతక ఇసుక మూడు, మాగిన కంపోస్టు రెండు, ఎర్రమట్టి ఒకటి. రవ్వ 2 నుంచి 5 మి.మీ. మధ్య ఉండాలి. పొడి మిగిలితే లోతు లేని పళ్లెంలో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. ఫికస్ నాటడానికి జూలై, ఆగస్టు అనువు.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. పళ్లెం అడుగున వెదురు బద్దలను గళ్లుగా పరిచి, రంధ్రాల్లోంచి తీగ లాగి బిగించండి. ప్రతి చెట్టు వేరుముద్దనూ 3 సెం.మీ. మందానికి కోసి ఆ బద్దలకే కట్టండి. చెట్టు కదిలితే కొత్త పిల్లవేళ్లు రోజూ తెగుతాయి. బద్దలు కుళ్లిపోయే నాటికి వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పెద్ద చెట్టు మొదలు పట్టుకుని మెల్లగా ఊపి చూడండి: పళ్లెం కదలాలి, చెట్టు కదలకూడదు.

ఇక అమరిక. పెద్ద చెట్టు పళ్లెం నడిమధ్యన కాదు, ఎడమ నుంచి మూడో వంతు దగ్గర. దాని చుట్టూ మరో అయిదు, కుడివైపు కాస్త ఎడంగా మూడు. పెద్ద చెట్టు దగ్గర సందులు 3, 4 సెం.మీ., అంచులకు వెళ్లేకొద్దీ 7, 8. ఏ రెండు సందులూ సమానంగా ఉండొద్దు, ఏ మూడు మొదళ్లూ ఒకే గీతలో పడొద్దు. ముందు నుంచి సరిచూసి, పక్కనుంచి, పైనుంచి కూడా చూడండి. తప్పు ఎక్కువగా పక్కచూపులోనే దొరుకుతుంది. లావువి ముందుకు, సన్నవి వెనక్కి పెడితే పళ్లెం లోతుగా అనిపిస్తుంది. రెండు గుంపుల మధ్య దారిని ముందు వెడల్పుగా మొదలుపెట్టి, సన్నం చేసుకుంటూ ఒక మొదలు వెనక మలుపు తిప్పండి. చివర కనబడితే అడవి చిన్నదైపోతుంది.

ఒకవైపు కొమ్మల మొక్కలకు చోటు ఇక్కడే. కొమ్మలు బయటికి చూసేలా వాటిని అంచుల్లో, కొద్దిగా బయటికి వాల్చి పెట్టండి, వెలుతురు కోసం సాగినట్టు. లోపలి చెట్లకు కింది కొమ్మలు తీసేయండి, ఎలాగూ నీడకు చస్తాయి.

వాషింగ్టన్‌లోని నేషనల్ బోన్సాయ్ మ్యూజియంలో అమెరికా బోన్సాయ్ నిపుణుడు జాన్ నాకా చేసిన 'గోషిన్' అడవి ఉంది. అందులో జూనిపర్ అనే చెట్లు పదకొండు, ఆయన మనవలు పదకొండు మంది కాబట్టి. లెక్కకు ఇంతకన్నా మంచి కారణం నాకు తెలియదు.

మట్టిని పొడిగానే పోసి వెదురు పుల్లతో వేళ్ల మధ్యకు కూరండి. ఖాళీ మిగిలిన చోట వేరు ఎండుతుంది. మట్టం పెద్ద చెట్టు కింద ఎత్తుగా, అంచులకు వాలుగా ఉండాలి. నీళ్లకు జారకుండా అంచున నల్లరేగడి, కొబ్బరిపొట్టు కలిపిన ముద్దతో చిన్న గట్టు కట్టి నాచు అద్దండి. మూడు వారాలు నీడ, నెల దాకా ఎరువు వద్దు. తర్వాత పెద్ద చెట్టు చిగుళ్లను ఎక్కువగా తుంచండి, చిన్నవాటిని వదలండి. లేకపోతే ఏడాది తిరిగేసరికి ఎత్తుల తేడాలన్నీ తారుమారు.

మధ్యలో ఒక చెట్టు చచ్చిపోతే పీకొద్దు, పక్కవాటి వేళ్లు దాంతో పాటే వస్తాయి. మట్టి మట్టానికి కోసేసి నాచు కప్పండి. రెండు మూడేళ్లకోసారి మొత్తాన్ని అట్టులా ఒకేసారి పైకెత్తి, అడుగున ఒక పొర, అంచున అక్కడక్కడ ముక్కలు కోసి, అదే పళ్లెంలో కొత్త మట్టి పోసి దించండి. ఇద్దరు పట్టుకోవాలి.