పాలమూరు ఎండలో ఎడారి మొక్కల మడి: నా అనుభవం

ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే మొక్కలు, అంటే సక్యులెంట్ల గురించి చలిదేశాల వాళ్లు చెప్పే మొదటి మాట, చలికాలంలో మొక్కను ఇంట్లోకి తెచ్చుకోమని. పాలమూరులో ఆ సలహాను తిరగేసి వాడుకోవాలి. మన చలి వీటిని ఏమీ చేయదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వేర్ల దగ్గర నిలిచిపోయే వెచ్చటి తడే చంపుతుంది. మే నెల ఎండ ఆకును కాలుస్తుంది గానీ, వేరు బాగుంటే మొక్క తేరుకుంటుంది. అందుకని మడి కట్టేటప్పుడు నీళ్లు ఎటు పోతాయన్నదే ముందు చూసుకున్నాను.

అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపి, అవి ఇంకాక మళ్లీ నింపాలి. రెండోసారి పోసినవి గంటలో దిగకపోతే ఆ నేలలో నాటొద్దు. పైన చెల్క (ఇసుక కలిసిన ఎర్రమట్టి), కింద గట్టిపడిన మొరం ఉన్నచోట సాధారణంగా దిగవు. నల్లరేగడి అయితే పరీక్ష కూడా అక్కర్లేదు. నేను నేల మీదే అడుగున్నర ఎత్తున మడి లేపాను. చుట్టూ గ్రానైట్ రాళ్లను సిమెంటు లేకుండా పేర్చితే సందుల్లోంచి నీళ్లు పోతాయి. అడుగున కంకర పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది నమ్ముతారు. నిజానికి సన్నటి మట్టిలోని తడి కంకర పైఅంచున ఆగిపోతుంది. మడి పైనుంచి కిందిదాకా ఒకే మిశ్రమం ఉండాలి.

పది తట్టల మిశ్రమానికి జల్లించిన మొరం 4, పెద్ద ఇసుక 3, పావు ఇంచు కంకర 2, బాగా మాగిన పశువుల ఎరువు 1. మొరాన్ని 2 మి.మీ. జల్లెడలో పోసి, కిందపడిన పొడిని పారేసి పైన మిగిలింది వాడాలి. ఆ పొడిలోని బంకమన్నే తర్వాత మడిని బిగదీస్తుంది. ఇసుక దొరక్క రోబో శాండ్ (రాళ్లను పిండిచేసిన ఇసుక) వాడాల్సివస్తే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, లేకపోతే దుమ్ము తడిసి గట్టిపడుతుంది. తడిపిన మిశ్రమాన్ని పిడికిట్లో నొక్కి వదిలితే విడిపోవాలి. ముద్దగా నిలిచిందంటే ఇంకో తట్ట కంకర కలపాల్సిందే.

నాటడానికి అక్టోబరు, వానలు తగ్గాక. నర్సరీ మొక్క వేర్ల చుట్టూ ఉన్న కొబ్బరి పొట్టు, అంటే కోకోపీట్‌ను పూర్తిగా దులిపేయాలి. ఎండితే అది నీళ్లు పీల్చదు, తడిస్తే ఆరదు. కుళ్లిన వేర్లు కత్తిరించి, నాలుగైదు రోజులు నీడలో ఆరనిచ్చి, పొడి మిశ్రమంలోనే నాటి, వారం తర్వాత మొదటి నీళ్లు పోస్తాను. మొక్క మొదలు చుట్టూ మట్టి కంటే అంగుళం ఎత్తులో ఉండాలి. పైన అంగుళం మందం కంకర చాలు. తెల్ల మార్బుల్ ముక్కలు చూడ్డానికే బాగుంటాయి, ఎండను కింది ఆకుల మీదికి తిప్పికొడతాయి.

మడికి రూపమిచ్చేవి పెద్ద మొక్కలే: కిత్తనార (అగేవ్), కత్తుల్లాంటి ఆకుల యుక్కా, స్తంభంలా పెరిగే జెముళ్లు. అమెరికన్ కిత్తనార ఆరడుగుల వెడల్పు దాటుతుంది కాబట్టి నడకదారికి కనీసం నాలుగడుగుల దూరంలో పెట్టాలి. వీటికి పడమటి ఎండ అడ్డు కాదు. గులాబీ పువ్వులా ఆకులు పేర్చుకునే చిన్న ఎచెవేరియా సంగతి వేరు. మెక్సికో కొండల మొక్క కాబట్టి రాత్రులు చల్లగా ఉండాలి. ఈ జాతులు రాత్రిపూటే ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. రోహిణి కార్తెలో రాత్రి కూడా సెగ తగ్గకపోతే పెరుగుదల ఆగిపోతుంది, అప్పుడు పోసిన నీళ్లు కుళ్లుకే పనికొస్తాయి. ఎచెవేరియాను, అలాంటిదే మరో చిన్న మొక్క హవోర్తియాను కుండీల్లోనే ఉంచి, మార్చి మధ్య నుంచి 50 శాతం షేడ్‌నెట్ కిందికి మారుస్తాను. నీడలో పెరిగిన ఏ మొక్కనైనా ఎండకు రెండు వారాల్లో మెల్లగా అలవాటు చేయాలి. ఒకసారి కాలిన మచ్చ ఆ ఆకు రాలేదాకా పోదు.

వేసవిలో నేలలోని కిత్తనారకు పది పదిహేను రోజులకోసారి, కుండీలోని ఎడీనియానికి (దుంపలాంటి మొదలుండే ఎడారి గులాబీ) రెండు మూడు రోజులకోసారి, అదీ సాయంత్రం ఆరు దాటాక. మధ్యాహ్నం పోస్తే కాగిన కుండీలో వేర్లు ఉడుకుతాయి. బోరు నీళ్లు ఆకుల మీద పడితే తెల్లటి ఉప్పు మచ్చలు కడతాయి, మొదట్లోనే పోయాలి. వానాకాలంలో నీళ్లు బంద్. మెత్తటి జాతుల పైన యూవీ పాలిథిన్ షీటు వాలుగా కట్టి, పక్కలు తెరిచి ఉంచుతాను. మూసేస్తే ఉక్కతో బూజు పడుతుంది.

వానల్లో ఎడీనియం దుంపను వారానికోసారి వేలితో నొక్కి చూడాలి. మెత్తగా తగిలితే అదే రోజు తవ్వి తీసి, గోధుమరంగు పూర్తిగా పోయి తెల్లటి కండ కనిపించేదాకా శుభ్రమైన కత్తితో కోయాలి. చిన్న మచ్చ మిగిలినా మళ్లీ మొదలవుతుంది. కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందును ముద్దలా కలిపి పూసి, కోసిన చోట గట్టి పొర కట్టేదాకా, వారం పైనే, వానపడని నీడలో వేలాడదీయాలి. చలికాలంలో ఆకులు రాలితే మాత్రం అది కుళ్లు కాదు, నిద్ర. నీళ్లు తగ్గిస్తే చాలు.

పిండినల్లి ఆకుల మొదళ్ల సందుల్లో దాక్కుంటుంది. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి సూర్యాస్తమయం తర్వాత కొట్టాలి, పగలు కొడితే నూనె ఆకును కాలుస్తుంది. ఎడీనియం, జెముడు పాలు, కిత్తనార రసం ఏవీ కంట్లో పడకూడదు, చర్మానికీ దురదే. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకున్నాకే కత్తి పట్టాలి. ఇంట్లో పిల్లలుంటే కిత్తనార ముల్లు కొసను పావు అంగుళం కత్తిరించేస్తే సరి, ఆకుపచ్చ భాగం తెగనంతవరకు మొక్కకేమీ కాదు.